పగిలిన ధమని

1948 డిసెంబరు. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని జ్యూయిష్ ఆసుపత్రి. సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ ఐన్‌స్టీన్ పొట్ట తెరిచి చూశారు. గుండె నుంచి కిందికి నెత్తురు మోసే బృహద్ధమని ఒకచోట పెద్ద బత్తాయంత ఉబ్బి ఉంది. ఆ ముక్కను కోసి కొత్త నాళం అతికే విద్య అప్పటికి చేతికి రాలేదు. నిస్సెన్ దాని చుట్టూ సెల్లోఫేన్ చుట్టారు. ఒరిపిడికి గట్టి పొర పుట్టి గోడను నిలబెడుతుందన్నది ఆశ. ఆ ఆశ మీదే ఐన్‌స్టీన్ ఆరేళ్లకు పైగా బతికారు.

ఈలోగా 1951లో పారిస్‌లో షార్ల్ ద్యుబో ఉబ్బిన భాగం తీసేసి, చనిపోయిన మనిషి నాళాన్ని అక్కడ అతికారు. 1955 ఏప్రిల్లో ఐన్‌స్టీన్ ధమని చీలింది. నొప్పి గాల్‌బ్లాడర్ వాపులా మభ్యపెట్టింది. ఆపరేషన్ చేస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు. తన వంతు అయిపోయిందన్నారు. మంచం మీదకే లెక్కల కాగితాలు తెప్పించుకున్నారు. 18వ తేదీ తెల్లవారకముందే, 76 ఏళ్ల వయసులో, ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశారు. ఆఖరి మాటలు జర్మన్‌లో అన్నారు. పక్కనున్న నర్సుకు ఆ భాష రాదు.

హైదరాబాద్ పత్తర్‌గట్టి రాతి కమానుల కింద, ముత్యాల దుకాణంలో కూర్చుని ఏళ్లుగా సిగరెట్ కాలుస్తున్న పెద్దమనిషికీ ధమని ఇలా ఉబ్బే జబ్బు, అన్యూరిజం, రావచ్చు. పొగ, బీపీ, పైబడిన వయసు, ఇంట్లో మరొకరికి ఉండటం ఆ ముప్పును పెంచుతాయి. నాళం చుట్టూ ఉబ్బేది ఒక రకం, ఒక పక్కకే సంచికట్టేది ఇంకో రకం. దెబ్బతిన్నచోట నెత్తురు గోడ దాటి గూడుకట్టేదాన్ని ఉత్తుత్తి అన్యూరిజం అనాలి. మెదడులోది పగిలితే ఎన్నడూ ఎరగని తలనొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పొట్టలోది పగిలితే నడుములోకి పొడిచే నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం. అందాకా చాలామందిలో చడీచప్పుడూ ఉండదు.

ఐన్‌స్టీన్ ముందు కత్తి ఒక్కటే ఉంది. 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో హువాన్ పరోడి గజ్జలోని నాళం గుండా స్టెంట్ గ్రాఫ్ట్ అనే గొట్టాన్ని పంపి లోపలే అమర్చారు. మెదడులోదానికి క్లిప్ పెడతారు, లేదా ప్లాటినం తీగచుట్టలు నింపుతారు. పొట్టలోది మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా ఆపరేషన్ మాట ఎత్తుతారు. చిన్నదైతే స్కాన్‌లతో కనిపెట్టి ఉంటారు. పొట్టలోదాన్ని పట్టివ్వడానికి నొప్పిలేని అల్ట్రాసౌండ్ చాలు.

ఐన్‌స్టీన్ తెలిసి వద్దన్నారు. ఆ చావులో ఆయన మాట చెల్లింది. పత్తర్‌గట్టి నుంచి నయాపూల్ దాటితే ఉస్మానియా ఆసుపత్రి. అయినా తన పొట్టలో ఏముందో తెలియకుండానే ఈ బజారులో ఒక మనిషి కుప్పకూలితే, ఔననడానికో కాదనడానికో అతన్ని అడిగినవాళ్లే ఉండరు.