రైల్స్ డీబగ్గరు: పునరుద్ధరణము

డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ రూబీ భాషలో రచించి 2004లో వెల్లడించిన రూబీ ఆన్ రైల్స్ అను ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్కునందు, నడచుచున్న ప్రోగ్రామును కోరిన పంక్తికడ నిలిపి, ఆ క్షణమున చరరాశులు ధరించియున్న విలువలను పరీక్షింప నవకాశమొసగు బ్రేక్‌పాయింటు సాధనము మొదట నుండెడిది. ధవళేశ్వరము దిగువ కాలువలపై లాకు తలుపులు మూసి, నీటిమట్టము సరిచూచి, పిమ్మట పడవను విడుచు రీతి నెఱిగిన గోదావరి మండలవాసులకు దీని ప్రయోజనమును వేఱుగ వివరింప నక్కఱలేదు.

అయితే ఈ సాధనము తన్ను పిలిచిన భాగముయొక్క పరిసరమును గ్రహించుటకు రూబీలోని యొక లోపమునే యాధారముగా గొనియుండెను. 2006లో వెలువడిన రూబీ 1.8.5 ఆ లోపమును సవరించుటతో నది పనిచేయుట మానెను. తప్పును దిద్దుటచేతనే తప్పులు వెదకు పరికరము మూలబడుట నిజముగా విచారకరము. కెంట్ సిబిలెవ్ రచించిన రూబీ-డీబగ్ అట్టి లోపముపై నాధారపడక, సి భాషలో వ్రాసిన విస్తరణముద్వారా ప్రోగ్రాము గమనమును కనిపెట్టునది. 2007 డిసెంబరునాటి రైల్స్ 2.0 దానిని స్వీకరించెను. వలసినచోట ‘డీబగ్గర్’ అను నొక్క పదముంచి, తగిన సూచనతో సర్వరును ప్రారంభించినచో, ప్రోగ్రాము అచ్చట నిలిచెడిది, ఆపై పంక్తి వెంబడి పంక్తిగా నడపుటకు వీలుండెడిది. 2021లో వచ్చిన రైల్స్ 7.0 నుండి కోయిచి ససాదా రచించిన డీబగ్ ఆ స్థానమున నున్నది.