ఉన్ని నుంచి ఆవు నెత్తురు దాకా

నెమరువేసే పశువుల పోషణ విషయంలో ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి ఒక నమ్మకం గట్టిగా పాతుకుంది. నత్రజని ఏ రూపంలో పెట్టినా సరే, మొదటి పొట్ట అయిన రూమెన్‌లోని సూక్ష్మజీవులే పశువుకు కావలసిన అమైనో ఆమ్లాలన్నీ తయారుచేసి ఇస్తాయన్నది ఆ నమ్మకం. దానికి ఆధారం లేకపోలేదు. 1949లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూస్లీ బృందం గొర్రెలకూ మేకలకూ నత్రజని కోసం యూరియా మాత్రమే పెట్టి, పది అత్యవసర అమైనో ఆమ్లాలూ రూమెన్‌లో తయారవుతున్నాయని చూపింది. అయితే తయారవడం వేరు, పాలు ఎక్కువిచ్చే ఆవుకు సరిపోయేంత తయారవడం వేరు. ఈ తేడాను బయటపెట్టింది, కలిసిపోయిన పదార్థాలను పారే ద్రవంతో విడదీసే ద్రవ క్రోమటోగ్రఫీయేనని నా వాదన.

ఈ విద్య ఎదగడంలోనే గొర్రె పాత్ర ఉంది. ఆకుల రంగులను సుద్ద గొట్టంలో విడదీసిన రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్ పని 1903 నాటిది. అమైనో ఆమ్లాలకు అలాంటి రంగులు లేవు, పైగా ఒకదానికొకటి చాలా దగ్గరి పోలిక. లీడ్స్‌లోని ఉన్ని పరిశ్రమ పరిశోధనశాలలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ ఉన్ని ప్రోటీన్‌లో ఏ ఆమ్లం ఎంతుందో తేల్చాలని తంటాలు పడ్డారు. సిలికా జెల్‌లో నీటిని నిలిపి, దాని మీదుగా క్లోరోఫామ్‌ను పారించి, ఆమ్లాలను పట్టీలు పట్టీలుగా విడగొట్టారు. 1941లో అచ్చయిన ఆ వ్యాసంలోనే, రేణువులు మరీ సన్నగా ఉండి ఒత్తిడి బాగా పెంచితే ఇంకా చక్కగా విడిపోతాయని రాశారు. నేటి అధిక ఒత్తిడి ద్రవ క్రోమటోగ్రఫీ (హెచ్‌పీఎల్‌సీ) యంత్రం నడిచేది సరిగ్గా ఆ సూత్రం మీదే. 1952లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పటికే సింజ్ స్కాట్లండ్‌లోని రోవెట్ పశుపోషణ సంస్థకు చేరి, గడ్డిలోని నత్రజని పదార్థాల మీద పని చేస్తున్నాడు.

న్యూయార్క్‌లో స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్ మొదట పిండిపదార్థం (స్టార్చ్) నింపిన గొట్టాలతో, తర్వాత రెజిన్‌తో ఈ పనిని ముందుకు తీసుకెళ్లారు. స్పాక్‌మన్‌తో కలిసి 1958లో వారు ప్రకటించిన స్వయంచాలక యంత్రం ఒక నమూనాను ఒక్క రోజులోపే పూర్తిచేసేది. బయటికొచ్చిన ఆమ్లం నిన్‌హైడ్రిన్‌తో కలిసి ఊదా రంగు తేలుతుంది, ప్రోలిన్ మాత్రం పసుపు. తర్వాతి హెచ్‌పీఎల్‌సీ పద్ధతుల్లో నమూనాకు ముందే ఓపీఏ అనే కారకాన్ని కలిపి, వెలిగే పదార్థంగా మార్చి, గంటకు అటూ ఇటూగా ఫలితం రాబట్టారు. ఈ వేగానికి ఒక మూల్యం ఉంది. ఓపీఏకు ప్రోలిన్ అంటదు. పాలలోని కేసీన్‌లో ప్రోలిన్ దండిగా ఉంటుంది గనుక పాడిపశువుల విషయంలో ఇది చిన్న లోపం కాదు. 1983లో వచ్చిన ఎఫ్‌మాక్ లాంటి కారకాలతోనే ఆ వెలితి తీరింది.

మేపు ప్రయోగాలు చాలవా, ఈ యంత్రాలతో ఆవు రక్తంలో అమైనో ఆమ్లాలను వెతకడం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మేపు ప్రయోగం పాలు తగ్గాయని చెబుతుంది. ఇరవై ఆమ్లాల్లో ఏది తక్కువైందో చెప్పదు. ఫిన్లండ్‌లో ఏ.ఐ. విర్తనెన్ ప్రోటీన్ లేకుండా యూరియా, అమ్మోనియం లవణాలతోనే ఆవులను మేపి, అవి పాలిస్తున్నాయని 1966లో ప్రకటించాడు. పాత నమ్మకానికి ఇంతకంటే పెద్ద గెలుపు లేదు. కానీ అవే ఆవుల రక్తరసంలో హిస్టిడిన్ తక్కువగా కనిపించింది. 1999లో అదే దేశంలో, సైలేజ్ గడ్డి తినే ఆవుల నాలుగో పొట్టలోకి హిస్టిడిన్ నేరుగా ఎక్కిస్తే పాల ప్రోటీన్ పెరిగింది. దారి చూపింది రక్తరసంలోని ఆ వెలితే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. రక్తంలో గాఢత తక్కువైనంత మాత్రాన కొరత ఉన్నట్టేనా? కాదు, పొదుగు వేగంగా లాక్కున్నా గాఢత తగ్గుతుంది. అందుకే 1966లో ఇంగ్లండ్‌లోని మెఫమ్, లింజెల్ మేక పొదుగుకు చేరే ధమని రక్తాన్నీ, వెనుదిరిగే సిర రక్తాన్నీ రెండింటినీ విశ్లేషించి, ఆ తేడాను రక్తప్రవాహంతో హెచ్చవేసి, పొదుగు ఏ ఆమ్లాన్ని ఎంత తీసుకుంటోందో లెక్కగట్టారు. అంటే అభ్యంతరం గాఢతను ఒంటరిగా చదవడం మీదే తప్ప కొలత మీద కాదు. మూత్రం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆవు మూత్రంలోని 3-మిథైల్‌హిస్టిడిన్‌ను బట్టి కండరం ఎంత కరుగుతోందో అంచనా వేయవచ్చు. గొర్రెలో ఆ పదార్థం చాలావరకు బాలెనిన్ అనే సమ్మేళనం రూపంలో కండరంలోనే ఉండిపోతుంది. అక్కడ యంత్రం ఎంత కచ్చితంగా కొలిచినా ఆ అంకె కండర నష్టాన్ని చెప్పదు.