కింద వెండి, పైన రంగు

ఫలితాలు వచ్చిన వారం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వేదికల మీద బంగారు కప్పులు వరుస కడతాయి. బంగారం మాట దేవుడెరుగు, చవక రకం కప్పుల్లో ఇత్తడి కూడా ఉండదు. ప్లాస్టిక్ కప్పును గాలి తోడేసిన గదిలో ఉంచి, అల్యూమినియాన్ని ఆవిరి చేసి దాని మీద పలచని పొరగా పట్టిస్తారు. అప్పటికది వెండిలా తళతళలాడుతుంది. దాని మీద అడుగు కనిపించేంత పలచగా పసుపు వార్నిష్ పూస్తే బంగారమైపోతుంది. అక్కడి చీరల దుకాణాల్లోనూ ఇదే కథ. తక్కువ ధర చీరల అంచుల్లో మెరిసే జరీ చాలామటుకు అల్యూమినియం పట్టించిన పాలియెస్టర్ పోగే. దానికి పసుపుతనం ఇచ్చేది పైనున్న లాకర్ పొర.

ఎల్బీనగర్‌లో ఏ అపార్టుమెంటు బాల్కనీలోనో ఓ కుర్రాడు జానెడు రోబో బొమ్మకు ముందు వెండి రంగు కొట్టి, ఆరాక దాని మీద ‘క్లియర్ రెడ్’ అనే పారదర్శకమైన ఎరుపు వేస్తున్నాడనుకుందాం. అప్పుడు ఆ రోబో కవచం మామూలు ఎరుపులా ఉండదు, మాణిక్యంలా లోపలినుంచి వెలుగుతుంది. మోడల్స్ చేసేవాళ్లు దీన్ని ‘క్యాండీ కోట్’ అంటారు. అదేదో జపాన్ నుంచి దిగిన కొత్త విద్య అనుకుంటే పొరపాటు. దీని వయసు తొమ్మిది వందల ఏళ్లకు పైమాటే.

కిటుకు వెలుగులో ఉంది. మామూలు రంగు తనమీద పడ్డ వెలుగును అక్కడికక్కడే తిప్పికొడుతుంది. పారదర్శకమైన రంగు అలా కాదు, లోపలికి రానిస్తుంది. వెలుగు రంగు పొరను దాటి, కిందున్న లోహానికి తగిలి, మళ్లీ అదే పొరగుండా బయటపడుతుంది. అంటే రెండుసార్లు వడపోత. ఏటవాలుగా చూస్తే దారి మరింత పొడవవుతుంది కాబట్టి ఒంపుల దగ్గర రంగు ముదురుగా, ఎదురుగా లేతగా కనిపిస్తుంది. బొమ్మను చేతిలో తిప్పుతుంటే రంగు కదులుతున్నట్టనిపించడం అందుకే.

ఇది మొదట అందం కోసం పుట్టిన పని కాదు. నిర్మొహమాటంగా చెప్పాలంటే, బంగారం కొనలేని చోట బంగారమనిపించే ఉపాయం. 12వ శతాబ్దం తొలి రోజుల్లో థియోఫిలస్ అనే క్రైస్తవ సన్యాసి చేతిపనుల మీద లాటిన్‌లో ఓ గ్రంథం రాశాడు. తగరపు రేకుకు పసుపు పట్టించి బంగారు రేకుకు బదులు వాడడం అందులో ఉంది. తగరం మీద పలచని నూనె రంగులు పూసే పద్ధతి కూడా ఉంది. దాన్ని ఆయన ‘పారదర్శక చిత్రణ’ అన్నాడు. తర్వాతి శతాబ్దాల్లో ఐరోపా సంపన్నులు గోడలకు తగిలించుకున్న ‘బంగారు తోళ్ల’లోనూ బంగారం లేదు. తోలుకు వెండి రేకు అంటించి, పసుపు వార్నిష్ పూసేవారు.

మన వైపూ ఈ తెలివికి కొదవ లేదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, ఇప్పుడు కర్ణాటకలో చేరిన కొప్పళ ప్రాంతంలో కిన్నాళ అనే ఊరుంది. అక్కడి చిత్రగారులు కొయ్య బొమ్మల నగలకు మెరుపు తేవడానికి తగరాన్ని నూరి, జిగురులో కలిపి పూసి, మెరిసేదాకా రుద్దుతారు. మన నిర్మల్ కళాకారుల పద్ధతి వేరు. పొణికి చెక్కతో బొమ్మలు చెక్కే ఆ ఊరి నకాషీలు మూలికల రసంతో బంగారు వన్నె తెచ్చేవారని ప్రసిద్ధి. పద్ధతులు వేరైనా ఇద్దరూ వెతికింది ఒకటే, బంగారం లేని బంగారం.

నిర్మల్ కథలో ఇంకో తమాషా ఉంది. నల్లని నేల మీద బంగారు గీతలు మెరిసే నిర్మల్ చిత్రాలకు ఇప్పుడు వాడేది డ్యూకో. అది కార్ల కోసం పుట్టిన రంగు. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ దాన్ని 1920లలో తెచ్చింది. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. డ్యూకో గంటల్లో ఆరిపోయేది. కారు రంగు అలా మన కొయ్య పలకల మీదికి వచ్చింది.

అమెరికాలో అది మరో మలుపు తిరిగింది. 1950లలో కాలిఫోర్నియాలో కార్లను ముస్తాబు చేసే జో బైలన్ అనే ఆయన లోహపు మెరుపు మీద పారదర్శకమైన ఎరుపు పొరలు వేసి ‘క్యాండీ ఆపిల్ రెడ్’ సాధించాడు. కారు వెనక దీపంలోని ఎరుపు ఆయన్ను వెంటాడిందంటారు. అసలు మార్పు ఇక్కడే వచ్చిందని చెప్పాలి. పసుపు పూత చూసేవాణ్ని బంగారమని నమ్మిస్తుంది. మెరిసే ఎర్ర కారును చూసి ఇది ఫలానా లోహమని ఎవరూ మోసపోరు. నకలు కోసం పుట్టిన పని అక్కడ రంగు కోసమే రంగైంది.

ఆ రంగును పిల్లల గుప్పిట్లో పెట్టింది హాట్ వీల్స్. 1968లో మాటెల్ సంస్థ తొలి విడతగా 16 బుల్లి కార్లు విడుదల చేసింది. జింకు మిశ్రమంతో పోతపోసిన ఒంటిని మెరుగుపెట్టి, నేరుగా దాని మీదే పారదర్శకమైన రంగు కొట్టారు. ఆ రంగులకు పెట్టిన పేరు స్పెక్ట్రాఫ్లేమ్. 1973కల్లా ఖర్చు తగ్గించుకోవడానికి మామూలు ఎనామెల్‌కు దిగిపోయారు. పాత కార్లలో కొన్నింటి ఒంటి మీద ఇప్పుడు నల్ల మచ్చలు కనిపిస్తాయి. రంగు చెడి కాదు, దాని కింద లోహం మసకబారి. అడుగు కనిపించే రంగుతో ఇదే చిక్కు, లోపలి జబ్బును దాచదు.

ఇంట్లో చేసుకునేవాళ్లకు దారి చూపింది జపాన్ కంపెనీ టామియా. షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలై, ప్లాస్టిక్ మోడల్స్‌లోకి వచ్చిన సంస్థ అది. దాని ఆక్రిలిక్ సీసాల్లో ఎక్స్-23 నీలం, ఎక్స్-24 పసుపు, ఎక్స్-25 ఆకుపచ్చ, ఎక్స్-26 నారింజ, ఎక్స్-27 ఎరుపు, అన్నీ పారదర్శకమైనవే. ఎక్స్-19 ‘స్మోక్’ మాత్రం పొగచూరిన గాజులా ఉంటుంది.

పని చూడ్డానికి తేలిక, చేయడానికి కాదు. మామూలు రంగులో రెండో పూత మొదటి పూత తప్పుల్ని కప్పేస్తుంది. ఇక్కడ ప్రతి పూతా రంగును ఇంకాస్త ముదురు చేస్తుంది. ఒక మూల చేయి ఆగితే అక్కడ మడుగు కడుతుంది, టచప్ చేద్దామంటే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. వెండి మీద వేలిముద్ర పడితే అది ఎరుపులోంచి కూడా కనిపిస్తుంది. అందుకే ఎయిర్‌బ్రష్‌తో పలచగా, ఆరనిచ్చి ఆరనిచ్చి వేస్తారు. ఒకే ఎరుపు వెండి మీద చల్లగా, బంగారం మీద నిప్పులా వస్తుంది. డై ఆధారంగా చేసిన రంగులు ఎండకు వెలిసిపోతాయి కనుక, బొమ్మను బాల్కనీలో రంగేసినా ప్రదర్శనకు గదిలోనే పెట్టుకోవాలి.

సీసా కొనేముందు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. బంగారు రేకు చుట్టిన చాక్లెట్ ఒకటి విప్పి, ఆ రేకును వెనక్కి తిప్పి చూడండి. లోపలి వైపు వెండి రంగులో ఉంటుంది.