లినక్స్ వర్చువల్ మెషిన్లలో బూట్ వైఫల్యం
లినక్స్ వర్చువల్ మెషిన్ బూట్ అవుతూ ఆగిపోవడానికి తరచుగా కనిపించే కారణం కెర్నల్‌కు రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకకపోవడం. అప్పుడు కెర్నల్ పానిక్ సందేశం వస్తుంది, లేదా అత్యవసర షెల్ తెరుచుకుంటుంది. వీఎంవేర్ నుంచి కేవీఎంకు మార్చిన మెషిన్లలో ఇది ఎక్కువ. కొత్త డిస్కు వర్ట్‌ఐఓ కంట్రోలర్‌పై ఉన్నా, పాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో దాని డ్రైవర్ ఉండకపోవచ్చు. డిస్కు పేరు ఎస్‌డీఏ నుంచి వీడీఏకు మారితే ఎఫ్‌స్టాబ్‌లోని పాత పేర్లూ చెల్లవు. యూయూఐడీ వాడితే ఈ చిక్కు రాదు.

మరమ్మతుకు ముందు స్నాప్‌షాట్ తీసుకోవాలి. గ్రబ్‌లో ‘క్వయట్’ తొలగిస్తే చివరి సందేశాలు కనిపిస్తాయి. పాత కెర్నల్‌తో బూట్ అయితే లోపం కొత్త కెర్నల్‌లోనో, దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోనో ఉన్నట్టు భావించవచ్చు. ఏదీ పనిచేయకపోతే రెస్క్యూ ఐఎస్‌ఓతో బూట్ చేసి, డిస్కును మౌంట్ చేసి, క్రూట్‌లోకి వెళ్లి, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రాకట్‌తో, డెబియన్ కుటుంబంలో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌తో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైలును మళ్లీ తయారుచేయాలి.