ఫ్లోరిడాలో శిక్షితుల ఓటు హక్కు: పునరుద్ధరణ చరిత్ర

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఫెలనీ, అంటే ఏడాదికి మించి జైలు శిక్ష పడదగిన పెద్ద నేరం, రుజువైతే ఓటు వేసే హక్కు, ప్రభుత్వ పదవి చేపట్టే హక్కు, కోర్టులో జ్యూరీ సభ్యులుగా కూర్చునే హక్కు పోతాయి. అక్కడ పౌర హక్కులంటే ప్రధానంగా ఈ మూడే. శిక్ష ముగిశాక ఇవి వాటంతటవే తిరిగి రావాలా, లేక ఎవరైనా దయతలిస్తే రావాలా అన్నది నూట యాభై ఏళ్లు దాటిన వివాదం.

మన దేశపు పద్ధతి తెలిసినవారికి ఈ వివాదమే వింతగా తోస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ ప్రకారం జైల్లో ఉన్నవారు, విచారణ ఖైదీలతో సహా, ఓటు వేయలేరు. అయితే విడుదలైన మనిషి ఓటు కోసం ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. ఫ్లోరిడాలో 2019 దాకా జైలు, పెరోల్, ప్రొబేషన్ అన్నీ ముగించుకుని ముప్పై ఏళ్లు బుద్ధిగా బతికినవారికి కూడా గవర్నరు సంతకం లేనిదే ఓటు లేదు. అమెరికాలోనే మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఖైదీలు జైల్లో ఉండగానే ఓటు వేస్తారు. ఒకే దేశంలో ఇంత తేడా ఉండటానికి కారణం, ఎవరు ఓటరు అన్నది అక్కడ చాలావరకు రాష్ట్రాలే నిర్ణయించుకోవడం.

తొలి నిబంధనలు

ఫ్లోరిడా తొలి రాజ్యాంగాన్ని 1838లో సెయింట్ జోసెఫ్ పట్టణంలో రాశారు. లంచం, అబద్ధపు సాక్ష్యం, ఫోర్జరీ వంటి నేరాలు చేసినవారిని ఓటుకు దూరంగా ఉంచే అధికారం అందులో చట్టసభకు దఖలు పడింది. 1845లో ఫ్లోరిడా రాష్ట్రమైంది. అప్పటికి ఓటు శ్వేతజాతి పురుషులకే ఉండేది కాబట్టి ఈ నిబంధన తగిలినవారు కొద్దిమందే.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక పరిస్థితి మారింది. 1865-66లో ఫ్లోరిడా చట్టసభ నల్లజాతివారి కదలికలను, పనిని, ఆస్తిని కట్టడి చేసే 'బ్లాక్ కోడ్స్' తెచ్చింది. పౌరులందరికీ చట్టం ముందు సమానత్వం ప్రకటించే 14వ రాజ్యాంగ సవరణను 1866 డిసెంబరులో తిరస్కరించింది. మరుసటి ఏడాది అమెరికన్ కాంగ్రెస్ గట్టి షరతు పెట్టింది: నల్లజాతి పురుషులకు ఓటు ఇస్తూ కొత్త రాజ్యాంగం రాసుకుంటేనే దక్షిణాది రాష్ట్రాలకు మళ్లీ కాంగ్రెస్‌లో చోటు. అలా వచ్చిన 1868 రాజ్యాంగం ఒక చేత్తో ఓటు ఇచ్చి, మరో చేత్తో ఫెలనీ రుజువైన ప్రతి ఒక్కరినీ పౌర హక్కులు పునరుద్ధరించేవరకు ఓటుకు అనర్హులను చేసింది. ఓటు తొలగించదగిన నేరాల జాబితాలో ఈసారి దొంగతనం కూడా చేరింది. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడి, చేతిలో చిల్లిగవ్వ లేని జనం మీద మోపడానికి అంత సులువైన నేరం మరొకటి లేదు.

14వ సవరణ రెండో సెక్షన్‌లోని ఒక చిన్న మాట తరువాతి కాలంలో పెద్ద పాత్ర వహించింది. పురుషుల ఓటు హక్కును కాలరాసే రాష్ట్రానికి కాంగ్రెస్‌లో సీట్లు తగ్గించాలని చెబుతూనే, తిరుగుబాటులో పాల్గొన్నవారిని, 'ఇతర నేరం' చేసినవారిని ఆ లెక్క నుంచి అది మినహాయించింది. ఈ మినహాయింపునే ఆధారం చేసుకుని 1974లో అమెరికా సుప్రీంకోర్టు, రిచర్డ్‌సన్ వర్సెస్ రామిరెజ్ అనే కాలిఫోర్నియా కేసులో, శిక్ష ముగించినవారికి సైతం రాష్ట్రాలు ఓటు నిరాకరించవచ్చని తీర్పు చెప్పింది. ఫ్లోరిడా రాష్ట్రం తరఫు న్యాయవాదులు ఆ తర్వాతి కేసుల్లో ఈ తీర్పును కవచంగా వాడుకున్నారు.

1868 తర్వాతి దశాబ్దాల్లో తలపన్ను (1889-1937) కట్టలేని పేదలకు కూడా ఓటు లేకపోయింది. 1877లో మొదలైన ఖైదీలను కూలికిచ్చే పద్ధతి 1923లో ఆగింది. అది ఆగడానికి కారణమైన మార్టిన్ టాబర్ట్ ఉదంతం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగ్గది. టికెట్ లేకుండా రైలెక్కినందుకు 1921లో రాష్ట్ర రాజధాని టల్లహస్సీలో పట్టుబడిన ఈ నార్త్ డకోటా యువకుడికి పడిన జరిమానా 25 డాలర్లు. అది కట్టలేక కలప కంపెనీ శిబిరానికి కూలీగా వెళ్లాడు. అక్కడ తిన్న కొరడా దెబ్బలతో 1922లో చనిపోయాడు. జరిమానా కట్టలేనివాడి గతి ఏమిటన్న ప్రశ్న ఫ్లోరిడాకు కొత్తది కాదు.

గవర్నరు చేతిలోని తాళంచెవి

1968 నాటి ప్రస్తుత రాజ్యాంగం పాత నిషేధాన్ని అలాగే ఉంచి, హక్కుల పునరుద్ధరణను గవర్నరు, మంత్రివర్గ సభ్యులు కలిసి ఉండే క్షమాభిక్ష బోర్డుకు అప్పగించింది. బోర్డులో ఎందరు ఒప్పుకున్నా గవర్నరు కాదంటే పని జరగదు. శిక్ష ముగియగానే హక్కులు వాటంతటవే వచ్చేలా చట్టసభ ఒక చట్టం చేసింది. క్షమాభిక్ష బోర్డు అధికారంలో చట్టసభ వేలు పెట్టరాదని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని చెల్లదంది. అప్పుడు గవర్నరు రూబిన్ ఆస్క్యూ అదే పనిని బోర్డు నియమాల ద్వారా చేసి చూపించారు. చట్టంతో కానిది నియమంతో అయింది. అయితే నియమాన్ని తరువాతి గవర్నరు మార్చేయవచ్చు, మార్చారు కూడా.

2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నిక ఈ విషయాన్ని దేశం దృష్టికి తెచ్చింది. ఫ్లోరిడాలో జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు. ఎన్నికలకు ముందు శిక్షితుల పేర్లు తొలగించడానికని ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన జాబితాలో ఏ నేరమూ ఎరుగని ఓటర్ల పేర్లు కూడా చేరాయి. అలా పోలింగ్ కేంద్రం నుంచి వెనక్కి వెళ్లినవారిలో నల్లజాతివారి పాలు జనాభాలో వారి వాటాను మించిందని అమెరికా పౌరహక్కుల కమిషన్ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. అదే 2000లో మొదలైన జాన్సన్ వర్సెస్ బుష్ (ఈయన అప్పటి రాష్ట్ర గవర్నరు జెబ్ బుష్) కేసు 1868 నిషేధం వెనుక జాతి వివక్ష ఉందని వాదించింది. 1968లో నిబంధనను తిరిగి రాసుకున్నప్పుడు ఆ మచ్చ తొలగిపోయిందంటూ 2005లో 11వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కేసును తోసిపుచ్చింది.

2007 ఏప్రిల్‌లో రిపబ్లికన్ గవర్నరు చార్లీ క్రిస్ట్, హింసతో సంబంధం లేని నేరాల్లో శిక్ష ముగించినవారికి విచారణ లేకుండానే హక్కులు వచ్చే ఉదారమైన నియమం తెచ్చారు. ఆయన నాలుగేళ్లలో సుమారు 1,55,000 మంది లబ్ధి పొందారు. 2011 మార్చిలో, పదవిలోకి వచ్చిన రెండు నెలలకే, కొత్త గవర్నరు రిక్ స్కాట్ దాన్ని రద్దు చేశారు. అర్జీ పెట్టడానికే అయిదేళ్లు, నేరం తీవ్రమైతే ఏడేళ్లు ఆగాలన్నారు. ఏడాదికి నాలుగుసార్లు టల్లహస్సీలో బోర్డు కూర్చునేది. అర్జీదారులు వందల మైళ్లు వచ్చి, తాగుడు మానేశారా, చర్చికి వెళ్తున్నారా వంటి ప్రశ్నలకు జవాబు చెప్పుకునేవారు. స్కాట్ ఎనిమిదేళ్ల పాలనలో హక్కులు దక్కినవారు సుమారు 3,000 మంది.

2018 ఫిబ్రవరి 1న ఫెడరల్ న్యాయమూర్తి మార్క్ వాకర్ ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమన్నారు. హక్కు లేకుండానే గవర్నరు స్కాట్‌కు ఓటేశానని బోర్డు ముందు ఒప్పుకున్న ఒక శ్వేతజాతి వ్యక్తికి అక్కడికక్కడే హక్కులు రావడం, అదే తప్పు చేసిన మరికొందరికి నిరాకరణ ఎదురవడం ఆయన తీర్పులో ఎత్తిచూపారు. కొలమానమే లేని చోట పక్షపాతాన్ని రుజువు చేయడం కూడా సాధ్యం కాదు. అయితే ఏప్రిల్‌లో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది.

నాలుగో సవరణ

ఇక మిగిలింది రాజ్యాంగాన్నే మార్చడం. ఈ ఉద్యమానికి ముఖచిత్రంగా నిలిచినవాడు డెస్మండ్ మీడ్. సెయింట్ క్రోయిక్స్ దీవిలో పుట్టి మయామీలో పెరిగి, సైన్యంలో పనిచేసి, మత్తుమందులకు బానిసై జైలుకెళ్లి వచ్చిన మనిషి. 2005లో ఇల్లూవాకిలీ లేక, ప్రాణం తీసుకోవాలని మయామీలో రైలు పట్టాల దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు రైలు రాలేదు. పట్టాలు దాటి నడుచుకుంటూ పోయి వ్యసన విముక్తి కేంద్రంలో చేరాడు. 2014లో ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ నుంచి న్యాయ పట్టా తీసుకున్నాడు. పట్టా వచ్చింది గానీ న్యాయవాదిగా నమోదు కావడానికి పౌర హక్కులు లేకపోవడం అడ్డొచ్చింది. 2016లో భార్య చట్టసభకు పోటీ చేస్తే ఆమెకు ఓటు వేయలేకపోయాడు.

బ్యాలెట్ మీద 'నాలుగో సవరణ'గా పేరు పడిన ఈ ప్రతిపాదన అక్కడికి చేరాలంటే 7,66,200 సంతకాలు కావాలి. మీడ్ నడిపిన ఫ్లోరిడా రైట్స్ రెస్టొరేషన్ కోయలిషన్, తోడు నిలిచిన సంఘాలు కలిసి 2018 జనవరి నాటికి 8,42,000కు పైగా చెల్లుబాటయ్యే సంతకాలు సమర్పించాయి. హత్య, లైంగిక నేరాలు తప్ప మిగతా ఫెలనీల్లో పెరోల్, ప్రొబేషన్‌తో సహా 'శిక్షలోని అన్ని నిబంధనలూ' పూర్తిచేసినవారికి ఓటు హక్కు దానంతటదే వస్తుందన్నది సవరణ సారం. చట్టాన్ని ఉల్లంఘించినవారు చట్టాలు చేసేవారిని ఎన్నుకునే ముందు మారినట్టు చూపించాలనీ, అందరినీ ఒకే గాటన కట్టకుండా ఒక్కొక్కరినీ పరిశీలించాలనీ వ్యతిరేకులు వాదించారు. మీడ్ బృందం దీన్ని పార్టీల పోరుగా మారనివ్వకుండా గొప్ప సంయమనం చూపింది. రిపబ్లికన్లకు అండగా ఉండే కోక్ సోదరుల సంస్థ కూడా మద్దతు పలికింది.

2018 నవంబరు 6న సవరణకు 64.55 శాతం ఓట్లు, అంటే 51 లక్షలకు పైగా, పడ్డాయి. గెలవడానికి కావలసింది 60 శాతం. అదే రోజు గవర్నరుగా గెలిచిన రాన్ డిశాంటిస్‌కు వచ్చినవి దాదాపు 41 లక్షలు. డిశాంటిస్‌కూ సవరణకూ కలిపి ఓటేసినవారు లక్షల్లో ఉన్నారన్నమాట. 2019 జనవరి 8న అమల్లోకి వచ్చినప్పుడు దీనివల్ల 14 లక్షల మందికి ఓటు వస్తుందని అంచనా.

జరిమానాల వివాదం

'అన్ని నిబంధనలూ' అంటే ఏమిటన్న దగ్గర కథ అడ్డం తిరిగింది. 2019 జూన్ 28న డిశాంటిస్ సంతకం చేసిన 7066వ సెనేట్ బిల్లు ప్రకారం జరిమానాలు, కోర్టు ఫీజులు, బాధితులకు చెల్లించాల్సిన పరిహారం కూడా శిక్షలో భాగమే. అవి తీరేవరకు ఓటు లేదు. ఈ వాదనకు బలం లేకపోలేదు. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు ముందు సవరణ తరఫు న్యాయవాదే జరిమానాలు కూడా అందులోకి వస్తాయన్నట్టు చెప్పారు. సొమ్ము పోగొట్టుకున్న బాధితుడికి పరిహారం అందకముందే శిక్ష తీరిందనడం సబబు కాదన్న మాట కూడా తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. 2020 జనవరి 16న రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ అర్థాన్నే ఖాయం చేసింది.

కానీ ఫీజుల సంగతి వేరు. 1998 నాటి రాజ్యాంగ సవరణ తర్వాత ఫ్లోరిడాలో కోర్టు క్లర్కు కార్యాలయాలు ప్రధానంగా ఇలాంటి రుసుముల మీదే నడుస్తున్నాయి. కాబట్టి నేరం ఏదైనా ప్రతి శిక్షితుడి మీద బాకీ పడుతుంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఒకచోట చూసుకునే రికార్డు మాత్రం రాష్ట్రం దగ్గర లేదు. బాకీ ఉన్నవారు 7,74,000 మంది దాకా ఉంటారని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేనియల్ స్మిత్ కోర్టుకు లెక్క చెప్పారు. మరో పరిశోధక బృందం 153 మంది వివరాలు వెతికితే, ముగ్గురివి తప్ప అందరి లెక్కల్లోనూ పొంతన లేని అంకెలే కనిపించాయి.

2020 మే 24న న్యాయమూర్తి రాబర్ట్ హింకిల్ 125 పేజీల తీర్పులో దీన్ని డబ్బు కడితేనే ఓటు అనే పద్ధతిగా వర్ణించి, చెల్లించే స్తోమత లేనివారికీ, బాకీ ఎంతో తెలియనివారికీ ఓటు ఇవ్వాలన్నారు. అప్పటికి రాష్ట్రం తేల్చాల్సిన 85,000 దరఖాస్తులు 2026 దాకా పూర్తి కావని ఆయన లెక్కగట్టారు. పాలనా యంత్రాంగపు బద్ధకాన్ని ఇంత ఓపికగా, ఇంత స్పష్టంగా అంకెల్లో చూపిన తీర్పులు అరుదు. జులైలో అప్పీళ్ల కోర్టు స్టే ఇచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. సెప్టెంబరు 11న 11వ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం 6-4 తేడాతో హింకిల్ తీర్పును కొట్టేసింది.

కొద్ది రోజులకే న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బెర్గ్ శిక్షితుల బాకీలు తీర్చే నిధికి సుమారు కోటీ అరవై లక్షల డాలర్లు సమీకరించారు. ఇది నేరమేమో విచారించాలని రాష్ట్ర అటార్నీ జనరల్ ఎఫ్‌బీఐకి లేఖ రాశారు.

2021 తర్వాత

2021 మార్చిలో బోర్డు తన నియమాలను కొంత సడలించింది. ఆ అక్టోబరులో మీడ్‌కు మిగతా పౌర హక్కులు వచ్చాయి. 2018 సవరణ తిరిగిచ్చింది ఓటు ఒక్కటే. జ్యూరీలో కూర్చోవాలన్నా పదవి చేపట్టాలన్నా నేటికీ బోర్డు తలుపు తట్టాల్సిందే.

2022లో ఎన్నికల నేరాలపై కొత్త విభాగం ఏర్పడింది. ఆ ఆగస్టు 18న, హక్కు లేకుండా 2020లో ఓటేశారంటూ 20 మందిపై కేసులు పెట్టినట్టు డిశాంటిస్ ప్రకటించారు. సవరణ మినహాయించిన నేరాల్లో శిక్ష పడినవారు వీరు. వీరిలో చాలామందికి ఓటరు కార్డులు పంపింది ఎన్నికల కార్యాలయాలే. అర్హత తేల్చాల్సిన రాష్ట్రం ముందు తేల్చకపోగా, తప్పు జరిగాక భారమంతా ఓటరు మీద పడింది.

శిక్షల కారణంగా ఓటు లేనివారు 2024లో అమెరికా మొత్తమ్మీద దాదాపు 40 లక్షల మంది అని సెంటెన్సింగ్ ప్రాజెక్ట్ అనే సంస్థ అంచనా. వారిలో 9,61,000 మందికి పైగా ఫ్లోరిడావారే, ఏ రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. వీరిలో అత్యధికులు జైలు, పెరోల్, ప్రొబేషన్ ముగించుకుని ఇంటి దగ్గరే ఉన్నవారు.