కోటగోడ దారిన సిటీ బస్సు

పుదుచ్చేరిలో భారతి పార్కు దగ్గరి ప్రభుత్వ మ్యూజియంలో చోళుల కాలం నాటి కంచు విగ్రహాలు, అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసలు, ఫ్రెంచి దొరల కుర్చీలు, మంచాలు ఉన్నాయి. వాటితో పాటు ఒక వింత బండీ ఉంది. చూడ్డానికి రిక్షాలా ఉంటుంది కానీ ముందు నుంచి లాగే కాడి ఉండదు. కూలీ దాన్ని వెనక నుంచి తోసేవాడు. లోపల కూర్చున్న దొర చేతిలో ఒక కడ్డీ ఉండేది. అది ముందు చక్రానికి కలిసి ఉండడంతో బండిని ఎటు తిప్పాలన్నా దొరే తిప్పుకునేవాడు. కష్టం ఒకడిది, దారి ఇంకొకడిది. ఫ్రెంచివాళ్లు దాన్ని పూస్‌పూస్ అన్నారు, ఊరి జనం నోట అది పుష్‌పుష్ అయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయిన పాండిచ్చేరి పోస్టుకార్డుల మీద ఈ బండి తరచూ కనిపిస్తుంది.

అంతకు ముందు రాజ్యమేలింది పల్లకి. డబ్బుంటే ఎక్కేసే వాహనం కాదది, హోదా ఉండాలి. గవర్నరు డూప్లే దగ్గర ముఖ్య దుబాషీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై (1709-1761) పొందిన గౌరవాల్లో, మేళతాళాలతో పల్లకిలోనే గవర్నరు భవన ప్రాంగణంలోకి వెళ్లగలగడం ఒకటి. పావు శతాబ్దం పాటు తమిళంలో దినచర్య రాసిన ఆ పిళ్లైని తెలుగు సాహిత్యమూ ఎరుగును. కస్తూరి రంగకవి తన లక్షణ గ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను ఆయన పేరు మీదే వెలయించాడు. అలాంటి పెద్దమనిషి పల్లకిలో వెళ్తుంటే, ఆ పల్లకి మోసే బోయీలకూ బజారులో నేత బట్టలు అమ్మేవాళ్లకూ ఉన్నవి కాళ్లే.

విచిత్రమేమిటంటే, ఎవరైనా చిల్లర చెల్లించి ఎక్కగలిగే బండి, నిర్ణీత దారిలో నిర్ణీత వేళకు నడవాలన్న ఆలోచన అప్పటికే ఫ్రాన్సులో పుట్టింది. 1662 మార్చి 18న పారిస్ వీధుల్లో 'ఐదు సూల బండ్లు' బయల్దేరాయి. గణిత శాస్త్రవేత్త, తత్వవేత్త బ్లేజ్ పాస్కల్ ఊహ అది. గుర్రాలు లాగే ఒక్కో బండిలో ఎనిమిది మంది పట్టేవారు. బండి నిండినా నిండకపోయినా వేళకు కదలాల్సిందే. ఛార్జీ ఐదు సూలు, అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణేలు. అయితే పారిస్ న్యాయసభ సైనికులను, నౌకర్లను, కూలి పనివాళ్లను ఎక్కనివ్వలేదు. అవసరమున్న వాళ్లకు తలుపు మూసిన ఆ బండ్లు పదిహేనేళ్లు కూడా గట్టిగా నిలవలేదు.

మళ్లీ ఆ ఊహకు ప్రాణం వచ్చింది 1826లో, నాంత్ పట్టణంలో. స్తానిస్లాస్ బోద్రీ అనే వ్యాపారి ఊరి చివర వేణ్ణీళ్ల స్నానశాల నడిపేవాడు. అక్కడికి జనాన్ని చేర్చడానికి బండ్లు పెట్టాడు. ఎక్కినవాళ్లు స్నానశాల దాకా రాకుండా మధ్యలోనే దిగిపోతున్నారు. ఆయన ఉసూరుమనలేదు. బండే అసలు వ్యాపారమని గ్రహించి, రెండేళ్లలో పారిస్‌కూ విస్తరించాడు. ఇవాళ ప్రపంచమంతా ఎక్కుతున్న సిటీ బస్సుకు వంశవృక్షం గీస్తే మొదటి పేర్లలో ఆయనదీ ఉంటుంది.

నాంత్‌లో బండి తిరిగే నాటికి పుదుచ్చేరి మీద ఫ్రెంచి జెండా బ్రిటిష్‌వాళ్ల చేతుల నుంచి తిరిగొచ్చి పదేళ్లే అయింది. ఇక్కడ అలాంటి బండికి పని పడలేదు. ఊరు చిన్నది. సముద్రం ఒడ్డున బయల్దేరి పడమటి అంచు చేరడానికి అరగంట నడక చాలు. మధ్యలో పెద్ద కాలువ. కాలువకు తూర్పున తెల్లవాళ్ల పేట, పడమట నల్లవాళ్ల పేట. దాటాల్సింది దూరం కన్నా ఎక్కువగా ఆ కాలువనే.

ఊరి వీధులు గళ్లుగళ్లుగా, తిన్నగా ఉండడానికి మూలం ఫ్రెంచివాళ్లు కాదు, డచ్చివాళ్లు. ఫ్రాంస్వా మార్తాన్ 1674లో వేసిన స్థావరాన్ని 1693లో డచ్చివాళ్లు గుంజుకున్నారు. 1699లో తిరిగిచ్చే లోపు వాళ్లు గీసిన పట్టణ పటాన్నే ఫ్రెంచివాళ్లు కొనసాగించారు. తరవాత ఊరి చుట్టూ గోడ లేచింది. 1761లో బ్రిటిష్ సైన్యం కోటను, గోడను, ఊరిని నేలమట్టం చేసింది. నాలుగేళ్లకు మళ్లీ కట్టడం మొదలైంది. పోయిన గోడ చోటనే కాలక్రమంలో ఊరిని కోడిగుడ్డు ఆకారంలో చుట్టే బులెవార్డులు వచ్చాయి. ఇప్పుడు పడమటి బులెవార్డు అణ్ణా సాలై, ఉత్తరం వైపుది సర్దార్ పటేల్ సాలై, దక్షిణం వైపుది సుబ్బయ్య సాలై. చివరి పేరు వి. సుబ్బయ్యది. 1936 జూలై 30న మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపి పన్నెండు మందిని బలిగొన్న సమ్మెకు నాయకుడాయన.

బస్సు కథకు ఈ గోడ ఎందుకంటే, పెద్ద బండి మలుపు తిరగడానికి వీలున్న దారులు ఈ బులెవార్డులే కాబట్టి. లోపలి వీధులు పల్లకికి, పుష్‌పుష్‌కి, జట్కాకి కొలిచి కట్టినవి. అందుకే ఇవాళ కూడా పర్యాటకులు ఫొటోలు దిగే పసుపు గోడల వీధుల్లో సిటీ బస్సు కనపడదు. సముద్రతీరంలోని గూబెర్ అవెన్యూ మీద సాయంత్రమైతే ఏ వాహనానికీ ప్రవేశం లేదు. బస్సు ఊరి అంచు పట్టుకునే తిరుగుతుంది. లోపలికి వెళ్లాలంటే దిగి నడవాలి, లేదంటే ఆటో ఎక్కాలి.

రైలు 1879లోనే వచ్చింది. అయితే అది విల్లుపురం దాకా వెళ్లి మద్రాసు రైలు మార్గంలో కలిసే మీటర్ గేజ్ లైను. ఓడరేవు సరుకుకూ దూరప్రయాణానికీ పనికొచ్చిందే తప్ప, విలియనూరులో ఉండే మనిషి రోజూ పనికి వెళ్లి రావడానికి చేసిన ఏర్పాటు కాదు. మిల్లుల సైరన్ మోగే వేళకు ముదలియార్‌పేట దారి సైకిళ్లతోనూ నడిచేవాళ్లతోనూ నిండేది.

గోడ కన్నా మొండి చిక్కు ఇంకొకటి ఉంది. పుదుచ్చేరి ప్రాంతం ఒకే ముక్క కాదు. ఒళుకరై ఊళ్లు 1706లో, విలియనూరు, బాహూరు వైపు గ్రామాలు 1740ల చివర డూప్లే హయాంలో, ఇలా ఏ నవాబు ఏ అవసరానికి ఏవి ఇస్తే అవి ఫ్రెంచి ఖాతాలో పడ్డాయి. మధ్య మధ్య ఊళ్లు ఆర్కాటువారివి, తరవాత బ్రిటిష్‌వారివి. అవే నేటి తమిళనాడు గ్రామాలు. 1941లో కుదిరిన సుంకాల ఒప్పందం వల్ల కొన్నాళ్లు ఈ గీతలు పలచబడ్డాయి. 1949లో భారత ప్రభుత్వం దాన్ని రద్దు చేయగానే పొలం గట్ల మీద కూడా కస్టమ్స్ చౌకీలు లేచాయి. ఊరికీ ఊరికీ మధ్య మూటలు విప్పి చూపాల్సిన ఆ రోజులు 1954 నవంబరు 1న పాలన చేతులు మారడంతో ముగిశాయి. చట్టపరమైన విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది.

చౌకీలు పోయాయి, గీతలు మిగిలాయి. బస్టాండులో కాలాపేట్ బస్సెక్కితే అవి తెలుస్తాయి. ముత్తియాల్‌పేట దాటగానే కోట్టకుప్పం. అది తమిళనాడు, విల్లుపురం జిల్లా. బొమ్మయ్యపాళయం కూడా తమిళనాడే. అక్కడి నుంచి కొంచెం ముందుకెళ్తే కాలాపేట్, మళ్లీ పుదుచ్చేరి. 1985లో ఏర్పడ్డ పాండిచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. అంటే క్యాంపస్ నుంచి ఊళ్లోకి సినిమాకి వచ్చే విద్యార్థి పోతూ రెండుసార్లు, వస్తూ రెండుసార్లు సరిహద్దు దాటుతాడు. దక్షిణాన కడలూరు రోడ్డు మీదా ఇదే వరస. అరియాంకుప్పం, తవళకుప్పం పుదుచ్చేరివి. రెడ్డిచావడి తమిళనాడుది. కన్నియకోయిల్ దగ్గర మళ్లీ పుదుచ్చేరి. ఇది ఊళ్లో తిరిగే బస్సే అయినా, కాగితాల మీద రెండు ప్రభుత్వాల పర్మిట్లతో, పన్నులతో, ఒప్పందాలతో ముడిపడింది.

ఇదే దక్షిణాదిలో మిగతా చోట్ల బస్సు సర్కారు చేతికి వెళ్లింది. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. ఆ వారసత్వం మీదే 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. మద్రాసులో 1972 జనవరి 1న పల్లవన్ సంస్థ పుట్టింది. పుదుచ్చేరి మాత్రం ఊళ్లో బస్సును ఎక్కువగా ప్రైవేటు యజమానులకే వదిలేసింది. సొంత సంస్థ 1986లో గానీ రాలేదు. వచ్చినప్పుడు కూడా పర్యాటకం, రవాణా రెండూ ఒకే కొట్లో ఉండేవి. తరవాత వేరుపడి రవాణా భాగం పీఆర్టీసీ అయింది. దాని బస్సులు ఊళ్లోనూ తిరుగుతాయి, చెన్నై, బెంగళూరు, కేరళ నడుమ ఉన్న మాహే లాంటి దూరాలకూ వెళ్తాయి.

కాబట్టి పుదుచ్చేరి సిటీ బస్సంటే జనం మనసులో మెదిలేది రంగులు పులిమిన ప్రైవేటు బస్సే. అద్దం మీద దేవుడి పేరో యజమాని పిల్లల పేర్లో ఉంటాయి. స్పీకర్లలో ఇళయరాజా. కండక్టరు మెట్టు మీద వేలాడుతూ "జిప్మర్, గోరిమేడు, జిప్మర్" అని కేకేస్తాడు. విజిల్ ఊది "పోలామ్, రైట్" అంటే బస్సు కదిలినట్టు. తెలుగువాళ్లకు బోర్డు మీది తమిళం చదవడం రాకపోయినా ఆ కేక చాలు. బస్సు నిండితేనే యజమానికి డీజిల్ డబ్బులు, సిబ్బందికి బత్తా గిట్టుబాటు. అందుకే వెనకొచ్చే బస్సు కన్నా ముందు స్టాపులోని జనాన్ని ఎక్కించుకోవాలన్న పోటీ. జనం ఉన్న దారిలో బస్సు వెంట బస్సు, లేని దారిలో గంటలకొద్దీ ఎదురుచూపు.

ఆ ఎదురుచూపులోకే టెంపో దూరింది. ముక్కు పొడుచుకొచ్చిన మూడు చక్రాల డీజిల్ బండి, మోకాళ్లు ఎదుటివాళ్ల మోకాళ్లకు తగులుతూ ఎదురెదురుగా రెండు బల్లలు. దారి నిర్ణీతం, స్టాపు ఎక్కడంటే అక్కడ, ఛార్జీ చిల్లర. కదిలే వేళ మాత్రం బండి నిండినప్పుడే. పాస్కల్ పెట్టిన షరతుల్లో వేళకు కదలడం ఒక్కటే టెంపోవాడికి నచ్చలేదు. షేర్ ఆటోలు ఇప్పుడా పనిని పంచుకున్నాయి.

ఈ రూట్లలో ఎప్పుడూ ఖాళీ దొరకనిది గోరిమేడు దారి. 1823లో ఫ్రెంచివాళ్లు పెట్టిన వైద్య పాఠశాలకు వారసురాలైన జిప్మర్ ఆస్పత్రి ఊరి వాయవ్యాన, తమిళనాడు అంచున ఉంది. ఎక్స్‌రే కవర్లు పట్టుకున్న రోగులు, అన్నం క్యారియర్లు మోసుకెళ్లే బంధువులు, నైట్ డ్యూటీ దిగిన నర్సులు, ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన వైద్య విద్యార్థులు ఒకే బస్సులో నిలబడతారు. ప్రభుత్వం నేరుగా చేయి పెట్టిన చోటు బడిపిల్లల బస్సు. రూపాయి టికెట్‌తో నడిచిన ఆ ప్రత్యేక బస్సులు బాహూరు, విలియనూరు వైపు పల్లెల పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, పట్నం బడులకు చేర్చాయి.

మరైమలై అడిగళ్ సాలైలోని బస్టాండును స్మార్ట్ సిటీ పథకం కింద కొత్తగా కట్టడానికి 2024లో ఖాళీ చేయించారు. బస్సులన్నీ కడలూరు రోడ్డులోని ఏఎఫ్‌టీ మైదానానికి తరలాయి. ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు తాలూకు స్థలం అది. ఒకప్పుడు కార్మికులు నడిచి, సైకిలు తొక్కి చేరిన మిల్లు ముంగిట, మిల్లు మూతపడ్డాక, బస్సులు బారులు తీరాయి.

పుదుచ్చేరి గీసిన గీతల్లో తెలుగు నేల మీద పడ్డది యానాం. రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గౌతమి ఒడ్డున, 30 చదరపు కిలోమీటర్ల ముక్క. వాహనాల నంబరు పుదుచ్చేరిలో పీవై 01తో మొదలైతే ఇక్కడ పీవై 04. సచివాలయంలో పనిపడితే రాత్రంతా ప్రయాణం. కాకినాడ పోర్టులో బయల్దేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌ను చెంగల్పట్టు నుంచి పుదుచ్చేరి దాకా పొడిగించాక ఆ ప్రయాణం కొంత తేలికైంది. రోజువారీ రాకపోకలకు మాత్రం యానాం వాళ్ల సిటీ బస్సు ఏపీఎస్ ఆర్టీసీయే. బాలయోగి వారధి కట్టక ముందు గోదావరి దాటాలంటే యానాం రేవులో పంటు ఎక్కి ఎదుర్లంక చేరాల్సి వచ్చేది. వారధి వచ్చాక కాకినాడ, అమలాపురాల మధ్య బస్సులు యానాం మీదుగా తిన్నగా సాగిపోతున్నాయి.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. స్త్రీశక్తి పథకం రాష్ట్ర నివాసులకే వర్తిస్తుంది, కండక్టరుకు గుర్తింపు కార్డు చూపాలి. కాకినాడలో పల్లెవెలుగు ఎక్కి పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లలో తాళ్లరేవులో దిగే ఆవిడకు సున్నా టికెట్ వస్తుంది. ఆ పైన కొద్ది కిలోమీటర్లకు దిగే ఆవిడ ఆధార్‌లో యానాం అని ఉంటే మాత్రం డబ్బులు తీయాలి.