గంట కొట్టే ముందు పాట ఎందుకు?

పాట పాడే గడియారమంటే సంపన్నుల ముచ్చట అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు గంట గంటకూ గుమిగూడే జనాన్ని చూసినా అదే నిజమనిపిస్తుంది. కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూ ఉంటుంది. వేళకు తలుపు తెరుచుకుని మరో బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి పోతుంది. వేడుకే, కాదనలేం. అయినా గంటల మోతకు ఒక వరస ఏర్పడింది వేడుక కోసం కాదనీ, వినేవారి తికమక తీర్చడానికనీ నా వాదన.

యంత్ర గడియారాలు రాకముందు అడుగున చిల్లున్న గిన్నెను నీళ్ల మీద వదిలేవారు. అది మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. వెంటనే వేలాడదీసిన కంచు పళ్లేన్ని కొట్టేవారు. చిక్కెక్కడంటే, ప్రతి జాముకూ లెక్క మళ్లీ ఒకటి నుంచే మొదలు. నడిరాత్రి మెలకువ వచ్చినవాడికి మూడు దెబ్బలు వినిపిస్తే, అవి ఏ జాములోని మూడో తెలిసేది కాదు. హిందూస్థాన్‌లో ఈ లోపాన్ని గమనించిన బాబర్ తన ఆత్మకథలో దాన్ని రాసిపెట్టాడు. గడియల దెబ్బలయ్యాక కాస్త ఆగి, ఎన్నో జామో తెలిపే దెబ్బలూ కొట్టమన్నాడు. (రాజ్యాలు గెలిచే మనిషికి ఇంత చిన్న విషయం పట్టడం విశేషమే.) ఆ విరామం ఎవరి చెవులకూ ఇంపు కోసం పెట్టింది కాదు.

కేంబ్రిడ్జ్‌లోని గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చిలో 1793లో పుట్టి, 1859లో లండన్ పార్లమెంటు గడియారానికెక్కిన వెస్ట్‌మినిస్టర్ బాణీదీ అదే తీరు. పావుగంటకు నాలుగు స్వరాల ముక్క ఒకటి, అరగంటకు రెండు, ముప్పావుకు మూడు, గంట నిండితే నాలుగు. ఆ తర్వాతే పెద్ద గంట. ఇంత సాగదీయడమెందుకు, నేరుగా గంట కొడితే చాలదా అనొచ్చు. చాలదు. పరధ్యానంలో ఉన్నవాడు మొదటి దెబ్బ వినడు, పదకొండు కాస్తా పదవుతుంది. బాణీ ముందు మోగితే చెవి లెక్కకు సిద్ధమవుతుంది.

ఇక గడియారాల నుంచి విమానాశ్రయాలకొద్దాం. హైదరాబాద్‌లోని ‘పైగా’ వంశపు అమీర్ల బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా మీదుగా శంషాబాద్‌కు ఆ పేరు వచ్చిందంటారు. 1892లో ఆ నగరంలోనే మహబూబ్ చౌక్ గడియార స్తంభం కట్టించిన ఆస్మాన్ జా ఆ వంశంవాడే. అలా గడియారాలతో బంధమున్న శంషాబాద్ 2008 నుంచి విమానాల ఊరు. విమానాశ్రయాల్లో ప్రకటనకు ముందు మోగే రెండు మూడు స్వరాలను నేను ఆ పాత బాణీకి వారసులుగానే లెక్కిస్తాను. అవి టైము చెప్పవు కదా అంటారేమో. బాణీ మాత్రం ఎన్ని గంటలైందో ఎప్పుడు చెప్పింది? ఆ పని పెద్ద గంటది. ఇక్కడ దాని బదులు మనిషి గొంతు. తెరలుండగా మోతలెందుకన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. కానీ తెరను తలెత్తి చూడాలి. కుర్చీలో కునికేవారికీ, అక్షరాలు ఆననివారికీ గేటు మారిన సంగతి అది చేరవేయలేదు. అసలు విసుగు మోతతో కాదు, ప్రతి కబురుకూ ఒకే మోత కావడంతో. ఒక్క ప్రయాణికుడి పిలుపుకు హాలంతా ఉలిక్కిపడుతుంది. బాబర్ పట్టుకున్న లోపం ఇదే. గేటు మార్పుకు ఒక వరస, ఆఖరి పిలుపుకు ఇంకొకటి పెట్టి చూడొచ్చు.